వాగు ఒడ్డున ఆగే బండి

మా అక్క మూత్రపిండాలు పనిచేయడం మానుకున్న ఏడాది, వర్షాకాలమంతా నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఉన్నాననడం మర్యాదకోసం. నిజం చెప్పాలంటే ఆ కాలమంతా ఒక బండి వెనుక బురదలో నడిచాను.

చండ్రుగొండలో నా ఇంటికి తాళం వేసి పినపాక అవతలికి వెళ్లాను. అక్కడ అడవి మొదలయ్యే చోట, బావ తాతలనాటి పట్టా భూమిలో వాళ్ల ఇల్లు. ఇంటికీ తారురోడ్డుకూ నడుమ రేగడి చేను, చేను చివర వాగు, వాగు దాటాక ఎర్రమట్టి ఎక్కుడు. వానలు మొదలైతే ఆ దారిన ఆటో రాదు, ట్రాక్టరు దిగబడుతుంది. అక్కకేమో వారంలో రెండు పర్యాయాలు భద్రాచలం దవాఖానాలో డయాలసిస్ జరగాలి. వేళకు చేరకపోతే ఆ పడక తరువాతి రోగికి వెళుతుంది. అందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ వరుసలో కూర్చున్న ప్రతివారి ప్రాణమూ మా అక్క ప్రాణం వంటిదే.

దవాఖానా దగ్గర ఒక గది కిరాయికి తీసుకుందామని నేను మొదటే అన్నాను. అక్క ఒప్పుకోలేదు. జబ్బు వచ్చినంత మాత్రాన తన పొయ్యిని విడిచి రానంది. పొద్దున వెళ్లి, సూదులు గుచ్చించుకుని, సాయంత్రానికి తన గడప తొక్కి, తన బర్రెల ముఖాలు చూడాలి. ఆమె కోరిక అంతకు మించి ఏమీ లేదు. బతికినన్నాళ్లు ఇంట్లో బతకాలన్న ఆ చిన్న కోరికను నెరవేర్చే భారాన్ని బావ తన నెత్తిన వేసుకున్నాడు.

బావ బొగ్గుగనిలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. ఓపెన్‌కాస్టులో మట్టినీ బొగ్గునూ మోసే డంపర్ల కింద పడుకుని ఆయన యౌవనం గడిచింది, నడివయస్సు గడిచింది. ఇంటి పైకప్పు ఎత్తు బండ్లను మరమ్మతు చేసిన మనిషి. అక్క సంగతి తెలియగానే సత్తుపల్లి వైపు ఒక పామాయిల్ రైతు దగ్గరికి వెళ్లి, తోటల్లో గెలలు మోయడానికి వాడిన ఏటీవీని పాతదే కొనుక్కొచ్చాడు. ఉబ్బిన నాలుగు టైర్లు, మోటారుసైకిలుకు ఉన్నట్టి హ్యాండిలు, ఇద్దరు ఇరుకుగా కూర్చోగల సీటు. బురదలో ఎగిరెగిరి పోతుందని ఊరివాళ్లు దాన్ని కప్ప అన్నారు.

"మీ అక్కను మహారాణి లెక్క తీస్కపోత, చూడు" అన్నాడు బావ నాతో. "నువ్వు పక్కపొంటి గొడుగు పట్టుకొని నడువు. మంత్రివి గావా?"

ఏర్పాటు నిజంగానే అట్లా కుదిరింది. బావ నడిపేవాడు. అక్క వెనుక కూర్చుని ఆయన నడుము పట్టుకునేది. నేను గొడుగు, అన్నం గిన్నె, రిపోర్టుల సంచీ మోసుకుంటూ వెనుక నడిచేవాణ్ణి. రోడ్డుమీద ఆటో కాచుకుని ఉండేది. అక్కడినుంచి అక్కా నేనూ ఆటోలో, బావ బండిమీద ఇంటికి. ఇంజనున్న బండి కాలినడకన వచ్చే నన్ను వెనుక వదిలి ఎప్పుడో రోడ్డెక్కాలి. ప్రతిసారీ నేను దాన్ని వాగు దగ్గర అందుకుంటూ వచ్చాను. దాని జబ్బుకు మొదటి ఆనవాలు అదే.

ఆ జబ్బు పుట్టుక గురించి ముందే చెప్పాలి. గనిలో దుమ్ము తప్ప మరొక శత్రువు లేదట. విప్పిన ప్రతి గొట్టం నోట్లో గుడ్డ కుక్కాలి, తెరిచిన ప్రతిదాన్నీ తక్షణం మూయాలి. షెడ్డులో చేరిన తొలినాడు బావ నేర్చుకున్న పాఠం అది, చివరినాటి వరకు ఆయనకు అన్నం పెట్టిన పాఠం కూడా అదే. ఆయన ఇంట్లో టీవీ రిమోట్ ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. ఫ్యానుకు ఎండాకాలం మినహా ముసుగు ఉంటుంది. తాళంచెవి దూరే కంతకు కూడా మైనం ముద్ద పెట్టి, తాళం తీసే ప్రతిసారీ దాన్ని గిల్లి పారేసే మనిషిని నేను ఆయనను తప్ప మరొకరిని ఎరగను.

బండి ఇంటికి వచ్చిన దినమే దానికీ ఆ సంస్కారం జరిగింది. పెట్రోలు ట్యాంకు మూత నడుమనుంచి వేలెడు పొడవున సన్నని రబ్బరు గొట్టం ఒకటి పైకి లేచి ఉండేది. దాన్ని పీకి పారేసి, ఆ చిల్లిని ఎంసీల్ ముద్దతో పూడ్చి, ఎండాక ఆకురాయితో నున్నగా అరగదీసి, నన్ను పిలిచి మరీ చూపించాడు.

"చూసినవా బామ్మర్దీ? జేసినోనికి బుద్ధి లేదు. ట్యాంకు నెత్తిమీద చిల్లి పెట్టిండు. దుమ్ము పోదా? వాగుల దిగితే నీళ్లు పోవా?"

ఆ చిల్లి ఎందుకుందో నాకూ తెలియదు. పని నున్నగా ఉందన్నాను. నిజంగానే నున్నగా ఉంది.

తొలి ప్రయాణంలోనే బండి వాగు ఒడ్డున ఆగింది. మంచి హోరుతో బయలుదేరి, చేను దాటాక గొంతు తగ్గి, రెండుమార్లు దగ్గి, నిలిచిపోయింది. కాసేపు ఊరకుంటే మళ్లీ లేచింది. ఆ తరువాత అదే దాని నడవడి అయింది. ఇంటికి తెచ్చి చూస్తే జబ్బు కనపడదు. బావ స్పార్క్‌ప్లగ్గు మార్చాడు. ముంగిట్లో చుట్టూ తిప్పితే సింహంలా గర్జించింది. మరునాడు వాగు దగ్గర చచ్చింది. కార్బరేటరు విప్పి కడిగాడు. ముంగిట్లో గర్జన, వాగు దగ్గర చావు. పెట్రోలులో కల్తీ ఉందని ట్యాంకంతా వంపి, మణుగూరు వెళ్లి కొత్తది తెచ్చి, గుడ్డలో వడగట్టి పోశాడు. వైర్లు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, తిరిగి కట్టాడు. బండి ఆయన విద్యనంతటినీ మర్యాదగా స్వీకరించి, వాగు కనపడగానే కూలబడేది.

ఆటో నడిపే అబ్బాయి ఎదురుచూసి, చూసి, ఎక్కుడు దిగి వచ్చేవాడు. పెళ్లాంబిడ్డలున్నవాడే. నోరు మాత్రం ఊరుకోదు.

"ఏం కాకా, కప్ప మల్ల కూసున్నదా?"

"నీ ఆటోకు మూడు కాళ్లు, నా బండికి నాలుగు" అనేవాడు బావ తల ఎత్తకుండా. "కాళ్లు లెక్కపెట్టుకొని మాట్లాడు."

"మూడు కాళ్లదే కద కాకా భద్రాచలం పోతున్నది?"

అక్క నవ్వేది. అప్పట్లో ఇంకా నవ్వేది. పాదాల వాపు చీర అంచు కింద దాచుకుని, ఆటోవరకు నా చెయ్యి పట్టుకుని ఎక్కేది. దవాఖానాకు వేళ మించే క్షణాన చేరేవాళ్లం. చేరినందుకు బావ సంతోషించేవాడు. ఎంత దగ్గరలో తప్పిపోయామో లెక్కవేసుకోవడం నా వంతు.

నేను మరలు తెలిసినవాణ్ణి కాను. వ్యాకరణం, తర్కం చదువుకుని, పిల్లలకు సంధులు చెప్పి బతికినవాణ్ణి. తర్కంలో ఒక చిన్న పద్ధతి ఉంది: ఏది ఉన్నప్పుడు ఫలం ఉంటుందో, ఏది లేనప్పుడు ఫలం ఉండదో చూడమంటారు. అన్వయం, వ్యతిరేకం. వాగు ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడడం తప్ప వేరే పని లేనివాణ్ణి కనుక నేను అదే చేశాను. ప్లగ్గు మార్చిన దినమూ ఆగింది, మార్చని దినమూ ఆగింది. కనుక ప్లగ్గు కారణం కాదు. కడిగిన దినమూ, కడగని దినమూ అంతే. కానీ ఒక వింత కనిపించింది. ట్యాంకు నిండుగా పోసిన దినం బండి చేను సగంలోనే ఆగేది. అడుగున కొద్దిగా ఉన్న దినం వాగు దాటి, ఎక్కుడు మొదలుదాకా వెళ్లేది. తిండి ఎక్కువైతే నడవలేని బండి!

"కడుపు నిండితే నిద్రొస్తది గద దానికి" అన్నాడు బావ, నేనీ సంగతి ఎత్తితే. "నీకు రాదా, బువ్వ తిన్నంక?"

రెండో వింత ఇంకా స్పష్టం. ఆగినప్పుడల్లా ఊరకే వేచి ఉంటే చాలాసేపటికి లేచేది. పెట్రోలు ఉందో లేదో చూద్దామని బావ మూత తీసిన దినం మాత్రం వెంటనే లేచేది. మూత తిప్పగానే ఉస్సుమని చప్పుడు. బయటి గాలి లోనికి దూకుతున్న చప్పుడు. ముంగిట్లో ఎందుకు ఆగదో కూడా అప్పుడు తేలిపోయింది. మరమ్మతు చేసిన ప్రతిసారీ మూత తెరిచేవాడు, ముంగిట్లో తిరిగే కొద్దిసేపటికి ఆ గాలి సరిపోయేది.

ఆ సాయంత్రం అరుగుమీద బావ పక్కన కూర్చుని, నాకు చేతనైనంత మెత్తగా చెప్పాను.

"బావా, ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగితే ఆ జాగాలోకి పైనుంచి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు దిగదు. ఆ చిల్లి గాలికోసమే పెట్టి ఉంటారు. ఎంసీల్ తీసెయ్యి."

ఆయన చేతిలోని పానాను గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"డీజిల్ లైన్ లోపటికి గాలి పోతేనే బండి ఆగుతది. జిందగీ మొత్తం గా గాలి తీసుడే నా పని. నువ్వేందయ్యా, గాలి పోవాలె అంటవ్?"

"ఇది డీజిల్ బండి కాదు కదా. గాలి లైనులోకి కాదు, ట్యాంకు పైభాగంలోకి. అక్క నూనెడబ్బాకు రెండో చిల్లి ఎందుకు పొడుస్తుందో చెప్పు. ఒక్క చిల్లి ఉంటే నూనె ఆగి ఆగి పడుతుంది కనుకనే గదా?"

"అంటే నా బండి నూనెడబ్బానా?"

"నేనట్ల అనలేదు."

"అన్నవ్. నేను పండుకున్నంత సేపు నువ్వు నిలవడ్డవా, ఏ బండి కింద? డంపర్ ఇంజన్ దింపినోన్ని. ఇంజినీర్లొచ్చి 'ఏందే, ఏమైంది దీనికి' అని నన్నడిగేటోళ్లు. ఇయ్యాల బడిపంతులొచ్చి మూత తియ్యి అంటడు. పంతులూ, నీ శాస్త్రం నీ పిలగాండ్లకు జెప్పుకో."

ఎంసీల్ అలాగే ఉంది. మరునాడు ఆయన దానిపై మరొక పూత వేశాడు.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆమెకు తాగే నీళ్లు కూడా కొలతే. గ్లాసులో అడుగున మిగిలిన గుక్కను చూస్తూ, తాగకుండా, మెల్లగా అంది:

"నువ్వు జెప్పింది నిజమే గావచ్చు తమ్మీ. నాకూ గట్లనే అనిపిస్తుంది. కానీ ఆయనతోటి ఇంక అనకు. నౌకరీ పాయె, షెడ్డు పాయె. గా పానాల పెట్టె ఒక్కటే ఆయనకు మిగిలింది. అది గూడ గుంజుకుంటవా?"

"నీ ప్రాణం సంగతో?"

"నా పానం ఎట్లాగూ గిట్లనే ఉన్నది."

ఆ జవాబు నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. పాతివ్రత్యాన్ని గురించి నేను తరగతిగదిలో ఎంతో చెప్పాను. అది వాపుపట్టిన పాదాలతో, దాహంతో ఎదురుగా నిలబడినప్పుడు నాకు కలిగింది భక్తి కాదు, కోపం.

శ్రావణం ముసురులో ఒక దినం వచ్చింది. ముందటిసారి వాగు పొంగి వెళ్లలేకపోయాం. కనుక ఈ దినం తప్పకూడదు. అక్కకు ముందటి సాయంత్రంనుంచే ఆయాసం. పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. తెల్లవారి వాన సన్నబడగానే బయలుదేరాం. దారిలో పెట్రోలు అయిపోతుందేమోనన్న జాగ్రత్తతో బావ ట్యాంకు అంచుదాకా నింపాడు. నేను చూస్తూనే ఉన్నాను. నోరు తెరవబోతే అక్క నావైపు చూసింది.

చేను సగంలో ఒకసారి ఆగి, చాలాసేపటికి లేచింది. వాగు నడుమ ఆగకపోవడం దైవకృప. అవతలి ఒడ్డు ఎక్కబోతూ నిలిచింది. బావ దిగి, టైర్ల వెనుక రాళ్లు పెట్టి, సీటు కింది పానాల సంచీ తీసి, వానలో కార్బరేటరు విప్పడం మొదలుపెట్టాడు. నేను అక్కమీద గొడుగు పట్టాను. ఆమె ఊపిరి నా చెవికి వినపడుతూ ఉంది.

"బావా, ఒక్కసారి మూత తిప్పు. దండం పెడత."

"వానల మూత దీస్తే నీళ్లు పోతయ్."

"గొడుగు అడ్డం పెడతా. ఒక్కసారి."

"నువ్వు అటు జరుగు."

నేను జరగలేదు. గొడుగు అక్క చేతికిచ్చి, మూతమీద చెయ్యి వేశాను. ఆయన చెయ్యి నా చేతిమీద పడింది. పానాలు తిప్పి తిప్పి కాయలు కాచిన అరచెయ్యి, కదలనివ్వలేదు. ఒక పెట్రోలు మూతకోసం ఇద్దరు ముసలివాళ్లం వానలో పెనుగులాడుతున్నాం. ఆయన కళ్లలో నేను కోపం చూస్తాననుకున్నాను. అక్కడున్నది భయం. మూత తిరిగి, బండి లేస్తే ఏమవుతుందో ఆయనకు అప్పటికే తెలుసు. అది ఎప్పటినుంచి తెలుసో నేను చెప్పలేను.

"తమ్మీ, చెయ్యి తియ్యి" అంది అక్క.

తీశాను.

కార్బరేటరు విప్పి, బిగించి, తన్నినా బండి లేవలేదు. రోడ్డుమీదినుంచి ఆటో అబ్బాయి దిగి వచ్చాడు. ఆ దినం కప్ప గురించి ఏమీ అనలేదు. అక్కను చూసి, "అమ్మా, నా మెడ పట్టుకో" అన్నాడు. ఒకవైపు అతను, మరొకవైపు నేను, చేతులు కలిపి మోసుకుంటూ ఎక్కుడు ఎక్కించాము. సగంలో నేను జారి మోకాలిమీద పడ్డాను. వెనక్కి చూస్తే బావ బండి పక్కనే కూర్చుని ఉన్నాడు.

"మీరు నడువుండ్రి. బండి సంగతి జూసి జల్దీ వస్త" అని అక్కడినుంచే కేకవేశాడు.

మేము చేరేసరికి వరుస దాటిపోయింది. అక్కడివాళ్లు అక్క ముఖం చూసి వెంటనే ఆక్సిజన్ పెట్టారు, సూది వేశారు. పడక ఖాళీ అయ్యేది మరునాటి పొద్దునే అన్నారు. ఆ నడిమి కాలాన్ని నేను వర్ణించను. నీటిలో మునుగుతున్నవారు చెయ్యి పైకెత్తుతారు. అక్క పొడి వరండాలో కూర్చుని, చెయ్యి ఎత్తకుండా, తన ఒంట్లోనే నిలిచిపోయిన నీటిలో అట్లా మునుగుతూ ఉంది. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. మరునాడు యంత్రం పెట్టాక ఊపిరి కుదుటపడింది. బతికింది.

బావ ఆ మధ్యాహ్నం వచ్చాడు. గోళ్లనిండా గ్రీజు. పడక పక్కన నిలబడి, "దొరికింది" అన్నాడు. "కార్బరేటర్ల పెట్రోలు చిమ్మే జెట్ అరిగింది. మార్చిన. ఇగ ఆగదు."

అక్క కళ్లు మూసుకునే, "నేను ఈడనే ఉంట" అంది. "రూమ్ జూడు తమ్మీ."

"బండి బాగైంది అంటున్న గద!" అన్నాడు బావ.

ఆమె దుప్పటి గొంతుదాకా లాక్కుంది.

గది దొరికింది. దవాఖానాకు కూతవేటు దూరంలో, మేడమీద, ఒక కిటికీ. అక్క బట్టలు తేవడానికి నేను ఇంటికి వెళ్లాను. బండి ముంగిట్లో కడిగి నిలబెట్టి ఉంది. ట్యాంకు మూత నడుమ ఎంసీల్ లేదు. గీరిన గుర్తులు తెల్లగా ఉన్నాయి. ఆ చోట కొత్త రబ్బరు గొట్టం.

"ఈ గొట్టమేమిటి బావా?"

"అదా? కంపెనీవోడు ముందుగాల పెట్టిండు గద, ఉండనీ అని పెట్టిన. అందానికి." ఆయన గొంతులో తొణుకు లేదు. "అసలు దోషం జెట్‌దే."

నన్ను ఎక్కించుకుని రోడ్డుదాకా దింపాడు. చేను, వాగు, ఎక్కుడు, ఒక్క గుక్కలో దాటింది. ఒక్క దగ్గు లేదు. దారిపొడవునా జెట్టు ఎట్లా అరుగుతుందో నాకు విడమరచి చెప్పాడు. అక్క కూర్చునే చోట ఆమె బట్టల మూట ఒళ్లో పెట్టుకుని నేను విన్నాను. బండిని అంత చక్కగా నడిపిస్తున్న ఆ సన్నని గాలి మా అక్కకు ఆలస్యంగా అందింది. ఆ సంగతి అన్నా ఆయన వినేవాడు కాదు.

ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది. బర్రెలకు మేత మోస్తుంది, ఊరివాళ్ల ఎరువు బస్తాలు మోస్తుంది. బావ ఆదివారాలు పాలు తీసుకుని వచ్చి, గదిలో కాసేపు కూర్చుని, ఫ్యాను రెక్కలమీది దుమ్ము తుడిచి వెళతాడు.

మొన్న ఆయన వెళ్లాక నేను అడగకుండా ఉండలేకపోయాను.

"బండి ఇప్పుడు ఆగడం లేదక్కా. వానలు కూడా పోయాయి. ఇంటికి పోతావా?"

అక్క కిటికీవైపు చూస్తూ ఉంది. ఆ కిటికీలోంచి పక్క మేడ గోడ తప్ప ఏమీ కనపడదు.

"పోను."

"ఎందుకు? చిల్లి తెరిచాడు గదా."

"ఇయ్యాల అది తెరిచిండు, రేపు ఇంకోటి మూస్తడు. మూసిందాన్ని నువ్వు తియ్యమంటవ్, ఆయన తియ్యడు. నడిమిట్ల నన్ను చెయ్యి తియ్యమని చెప్పమంటరు. నాకు ఓపిక లేదు తమ్మీ." ఆ వెంటనే, "బర్రెలు పాలిస్తున్నయంటనా?" అంది.

"ఇస్తున్నాయి."

ఇంతలో ఆటో అబ్బాయి మెట్లెక్కి వచ్చాడు. అటువైపు కిరాయి వచ్చినప్పుడల్లా అక్కను చూసి వెళతాడు. కూర్చుంటూనే, "కాకా బండి మస్తు ఉరుకుతున్నది పెద్దసారూ! ఏం చేసిండు దానికి?" అని నన్నడిగాడు.

అక్క తల తిప్పి నావైపు చూసింది. వాగు ఒడ్డున చూసిన చూపే.

"కార్బరేటరులో జెట్టు మార్చాడట" అన్నాను.